రివర్‌లో బ్లఫ్ కొట్టాలంటే చిన్న బెట్టా, పెద్ద బెట్టా? రాజు జతోడు కదలనే లేదు

బాలాజీకాలనీ_బటన్

అన్నలూ, నిన్న రాత్రి ఆన్‌లైన్ పోకర్‌లో, ఫ్రీ చిప్స్ టేబుల్లో పడిన చేయి ఇది. దీని మీద నేను, మా రూమ్మేటు పొద్దున ఇడ్లీలు చల్లారిపోయేదాకా కొట్లాడుకున్నాం. తేలలేదు. మీరే చెప్పండి.

ఆరుగురి టేబుల్, నో లిమిట్ హోల్డెమ్, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టే బెట్లు) 50, 100. నా దగ్గరా, పెద్ద బ్లైండ్ పెట్టినోడి దగ్గరా పది వేలు. నేను బటన్, అంటే బోర్డు ముక్కలు తెరిచినాక చివర ఆడేవాణ్ణి. చేతిలో ఇస్పేటు ఆసు, డైమన్ జాకీ. 250కి రెయిజ్ చేసినా. చిన్న బ్లైండ్ ఫోల్డ్ (వదిలేసినాడు), పెద్ద బ్లైండ్ కాల్ (అంతకు అంత పెట్టినాడు). పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 550.

ఫ్లాప్‌లో (బోర్డు మీద అందరికీ కలిపి మొదట తెరిచే మూడు ముక్కలు) ఇస్పేటు రాజు, ఇస్పేటు 8, డైమన్ 4. వాడు చెక్ (బెట్ పెట్టలా), నేను 175, వాడు కాల్. పాట్ 900.

టర్న్ (నాలుగో ముక్క) ఆటీను 2. వాడు చెక్, నేనూ చెక్.

రివర్ (ఐదోది, చివరి ముక్క) ఇస్పేటు 7. వాడు మళ్లీ చెక్. నా దగ్గర ఏమీ లేదు, ఉత్త ఆసు. కానీ ఆ ఆసు ఇస్పేటుది, అంటే అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) వాడి చేతిలో ఉండే ప్రసక్తే లేదు. మూడో ఇస్పేటు నాకే తగిలినట్టు 300 పెట్టినా. మూడు సెకన్లు కూడా ఆగలేదు, కాల్ కొట్టినాడు. చూపించింది ఆటీను రాజు, కళావరు పది.

1,800 పెట్టి ఉంటే వాడు పారిపోయేవాడు అంటాడు మా రూమ్మేటు. నా లెక్క వేరే. 300 పెడితే నాలుగుసార్లలో ఒక్కసారి వాడు వదిలినా నాకు నష్టం లేదు. 1,800 పెడితే మూడుసార్లలో రెండుసార్లు వదలాలి. తక్కువ ఖర్చుతో అయ్యే పనికి అంత ఎందుకు పెట్టాల?

తోతాపురి

నీ లెక్క తప్పు కాదు తమ్ముడూ, కానీ సగమే చేసినావు. అవతలోడి లెక్క కూడా చెయ్యి. నువ్వు 300 పెట్టినాక పాట్‌లో 1,200 ఉండాది. వాడు 300 పెట్టి 1,500 కోసం ఆడతా ఉండాడు. ఐదుసార్లలో ఒక్కసారి వాడి చేయి గెలిస్తే చాలు. ఐదింట్లో ఒకసారైనా నువ్వు ఉత్త చేత్తో కొడతా ఉంటావని రాజు జత పట్టుకున్నోడు అనుకోడా?

ఇంకోటి. 300కి వదిలేది ఎవరు? రాణి, జాకీ పట్టుకుని ఏమీ తగలనోడు. వాణ్ణి నీ ఆసు ఎట్లాగూ కొడతాది కదప్పా! చెక్ చేసినా గెలిచే చోట డబ్బులు పెట్టి గెలుస్తా ఉండావు, ఓడే చోట డబ్బులు పెట్టి ఓడతా ఉండావు. మీ రూమ్మేటు చెప్పిందే రైటు. 1,800.

కోర్లగుంట_పెద్దాయన

మీ ఇద్దరికీ ఒకటే మాట నైనా. అవి ఉత్త చిప్స్. పోతే రేపు పొద్దున అదే మళ్లీ ఇస్తాది. అట్లాంటోడికి 300 ఒకటే, 1,800 ఒకటే, ఉన్నదంతా తోసినా ఒకటే. వాడు నీ చేతిలో ఏముందో చూద్దామని కూర్చున్నాడు, అంతే. చెవిటోడి ముందు శంఖం ఎంత గట్టిగా ఊదాల అని చర్చ పెట్టుకున్నారు మీరు.

నాకు ఫ్లష్ తగిలిన రోజు మాత్రం 1,800 పెడతా. వాడే కాల్ కొట్టి ఇచ్చిపోతాడు.

రేణిగుంట_రివర్

సైజు గొడవ తర్వాత. టర్న్‌లో చెక్ చేసినప్పుడే ఈ బ్లఫ్ సగం చచ్చిపోయింది. రెండు ఇస్పేట్లు చేతిలో ఉన్నోడు టర్న్‌లో ఎందుకు ఆగుతాడు? రాజు పట్టుకున్నోడికి ఆ అనుమానం రావడం సహజం.

2003 పోకర్ వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ చివర్లో ఇద్దరే మిగిలినప్పుడు క్రిస్ మనీమేకర్ శామ్ ఫార్హాని లేపేసిన చేయి గుర్తుందా? బోర్డు మీద ఇస్పేటు 9, డైమన్ 2, ఇస్పేటు 6, ఇస్పేటు 8, ఆటీను 3. ఫార్హా దగ్గర 9 జత, బోర్డులో దాన్ని మించిన జత లేదు. మనీమేకర్ దగ్గర ఇస్పేటు రాజు, ఆటీను 7, ఏమీ తగల్లేదు. మన తమ్ముడి చేయికి అన్నదమ్ముడే, మూడు ఇస్పేట్లు, అవతల టాప్ జత. తేడా ఎక్కడంటే, మనీమేకర్ టర్న్‌లోనే 8,00,000కి రెయిజ్ చేసి పెట్టుకున్నాడు. రివర్‌లో ఉన్నదంతా తోసేసరికి ఫార్హా చాలాసేపు గింజుకుని వదిలేశాడు. అంతకుముందే అల్లిన కథకు ఆ పెద్ద బెట్టు చివరి ముక్క. మనోడు కథ మధ్యలో నిద్రపోయి క్లైమాక్స్‌కి లేచినాడు.

కోర్లగుంట_పెద్దాయన

మనీమేకర్ సంగతి నాకెందుకు, మా ఇంటి పక్క కథ చెప్తా. గంగ జాతరలో వేషాలు ఎందుకు కడతారో తిరుపతిలో పుట్టినోళ్లకు చెప్పబన్లేదు. పాలెగాడు భయపడి దాక్కుంటే గంగమ్మ రోజుకొక వేషంలో వెతుకుతాది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. వాడు బయటికి రాలా. దొర వేషంలో వచ్చేసరికి, మా దొర వచ్చినాడనుకుని వచ్చినాడు. అక్కడితో వాడి పని అయిపాయ.

ఆ వేషం ఎందుకు పనిచేసింది? వాడికి దొరంటే లెక్క ఉండాది కాబట్టి. ఫార్హా కూడా అంతే, ఫ్లష్ అంటే ఏందో, టోర్నమెంట్ పోతే ఏం పోతాదో తెలిసినోడు. మీ ఫ్రీ చిప్స్ అబ్బోడికి దొరెవరో తెలీదు, పాలెగాడెవరో తెలీదు. వాడి ముందుకు ఏ వేషం కట్టుకోని పోతావు?

తోతాపురి

పెద్దాయనా, ఇది మాత్రం బాగుండాది. కానీ మీరే చెప్పినారు కదా, మూడు వేషాలకు రానోడు నాలుగోదానికి వచ్చినాడని. మా వాదన కూడా అదే, సరైన వేషం కట్టాల. 300 బండ వేషం, 1,800 దొర వేషం.

మురకంబట్టు_మోహం

డబ్బులు పెట్టి ఆడే యాప్ ఏదైనా ఉంటే లింక్ పెట్టండి అన్నా. ఫ్రీ చిప్స్‌లో కిక్ లేదు.

నిర్వాహకుడు

లింకులు ఇక్కడ పెట్టరు, అడగొద్దు. ఆంధ్రలో ఆన్‌లైన్ పేకాటకు 2020 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతా ఆన్‌లైన్ పైసల ఆటలను ఆపేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత వాదన కూడా అందులో చెల్లదు. ఇక్కడ చర్చ ఆట గురించే. కొనసాగించండి.

చంద్రగిరి_లెక్కలక్క

ఇప్పటిదాకా అందరూ సైజు గురించే మాట్లాడారు. ఆ సైజుకు ఎన్ని బ్లఫ్‌లు సరిపోతాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కాగితం తీసుకోండి.

టర్న్‌లో చెక్ చేసి రివర్‌లో పెద్ద బెట్ పెట్టే నిజమైన చేతులు తమ్ముడి దగ్గర ఏమున్నాయి? సులువుగా ఉండడానికి ఆసుతో వచ్చే ఫ్లష్‌లే తీసుకుందాం. ఇస్పేటు ఆసుకు తోడుగా ఇస్పేటు రాణి, జాకీ, 10, 9, 6, 5, 4, 3, 2. రాజు, 8, 7 బోర్డు మీదకు పోయాయి. మొత్తం 9 చేతులు.

ఇప్పుడు బ్లఫ్‌లు. ఇస్పేటు ఆసు ఒక్కటే ఉండి, రెండోది వేరే రంగు, ఏ జతా తగలనివి. రాణి, జాకీ, 10, 9, 6, 5, 3. ఒక్కోదానికి మూడు రంగులు, అంటే 21 చేతులు. "నా దగ్గర ఇస్పేటు ఆసు ఉంది కదా" అని ప్రతిసారీ కొట్టేవాడు 9 నిజాలకు 21 అబద్ధాలు చెప్తున్నాడు. అది ఎవరు నమ్ముతారు?

పాట్‌లో మూడో వంతు బెట్టుకు, అవతలివాడికి కాల్ కొట్టినా వదిలినా ఒకటే అయ్యేలా, వందలో 20 దాకా బ్లఫ్ ఉండొచ్చు. పాట్ అంత బెట్టుకు 33. పాట్‌కు రెట్టింపు బెట్టుకు 40. అంటే 9 ఫ్లష్‌లు ఉన్నవాడు 300 పెడితే రెండు బ్లఫ్‌లకు మించి తీసుకోకూడదు, 900కి నాలుగైదు, 1,800కి ఆరు. పెద్ద బెట్టుతో అబద్ధాలు ఎక్కువ చెల్లుతాయి. చిన్న బెట్టుతో బ్లఫ్ చౌక అని తమ్ముడు అనుకున్నాడు కానీ, నిజానికి అక్కడే అబద్ధానికి చోటు తక్కువ. కాబట్టి సైజులో నేను తోతాపురి వైపే.

కానీ చేయి ఎంచుకోవడంలో తమ్ముడిది తప్పు. ఆ ఆరు ఏవి? నేనైతే ఆసు-6, ఆసు-5 తీసుకుంటాను, ఒక్కోటి మూడు, సరిగ్గా ఆరు. ఎందుకంటే బోర్డు మీద 4, 7, 8 ఉన్నాయి. 6-5 పట్టుకున్నవాడికి స్ట్రెయిట్ (4 నుంచి 8 దాకా వరుస), వాడు వదలడు. నా చేతిలో 6 గానీ 5 గానీ ఉంటే అలాంటివాళ్లు తగ్గుతారు. నీ జాకీ ఏం చేస్తోంది? రాజు-జాకీ పట్టుకున్నవాళ్లను తగ్గిస్తోంది. నువ్వు వదిలించాలని చూస్తున్నదే వాళ్లని! ఆసును చూసి మురిసిపోయి పక్కనున్న జాకీని మరిచిపోయావు.

రేణిగుంట గారు చెప్పిన టర్న్ సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. ఆ 9 ఫ్లష్‌లలో సగం టర్న్‌లోనే బెట్ చేసేవాడివైతే, చెక్ చేశాక మిగిలేవి నాలుగైదు. అప్పుడు 1,800కి కూడా మూడు బ్లఫ్‌లే.

తోతాపురి

అక్కా దండం. కానీ ఒక డౌటు. 2017లో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల పోకర్ ప్రోగ్రామ్ లిబ్రాటస్ నలుగురు ప్రొఫెషనల్స్ మీద 1,20,000 చేతులు ఆడి గెలిచింది కదా. అది పాట్‌ను మించిన బెట్లు వేసి వాళ్లను ఏడిపించింది. మిషనే పెద్ద బెట్టు మంచిదని తేల్చినప్పుడు ఈ 6, 5, జాకీ చూసుకుంటా కూర్చోవాల్నా? ఫ్రీ చిప్స్ టేబుల్లో నా బ్లఫ్‌లు 6 అయితే ఏంది, 21 అయితే ఏంది, లెక్కపెట్టేవాడు ఎవడు?

చంద్రగిరి_లెక్కలక్క

లిబ్రాటస్ బెట్లు గుర్తుపెట్టుకుని, అది ఏ చేతులతో వేసిందో వదిలేస్తే సగం మందు తాగినట్టే. దాని ఎదురుగా కూర్చున్నది రాత్రంతా చేతులు తిరగేసి, మర్నాడు కొత్త ఎత్తుతో వచ్చే మనుషులు. వాళ్ల ముందు 21 కొడితే రెండో రోజుకే పట్టేసేవాళ్లు.

లెక్కపెట్టేవాడు లేడన్నది మాత్రం నిజం. గమనించనివాడి ముందు సమతూకం అక్కర్లేదు. అప్పుడు ప్రశ్న ఒక్కటే, ఈ మనిషి రాజు జత వదులుతాడా, వదలడా? వదిలేవాడైతే 21కి 21 కొట్టు. వదలనివాడైతే ఆరు కాదు, ఒక్కటీ వద్దు. ఈ రెండో మాట పెద్దాయన మొదటి రోజే చెప్పారు, లెక్క లేకుండానే.

కోర్లగుంట_పెద్దాయన

మూడు ముక్కలాటలో నలభై ఏండ్లు లెక్కపెట్టినాను తల్లీ. కాగితం మీద కాదు, అంతే.

బాలాజీకాలనీ_బటన్

పెద్దాయనా, మీ మాటకు ఒక అడ్డు ఉంది. మా రూమ్‌లో శనివారం నలుగురం ఆడతాం. చిప్స్ బదులు చింతగింజలు, ఒక్కొక్కరికి వంద. డబ్బులు లేవు. కానీ అందరికన్నా తక్కువ గింజలు మిగిలినోడు ఆ వారమంతా గిన్నెలు తోమాల. ఇక్కడ జనం టాప్ జతలు పారేస్తారు! ఒకడైతే పోయిన నెల ఆసు జత వదిలేసి, పక్కనున్న కుక్కర్ వైపు చూసి నిట్టూర్చినాడు. డబ్బులు లేకున్నా బ్లఫ్ నడస్తా ఉంది కదా.

కోర్లగుంట_పెద్దాయన

డబ్బులే ఉండాలని నేనెప్పుడు అన్నా? పోతే నొప్పి ఉండాల అన్నాను. అడుగంటిన కుక్కర్ కన్నా నొప్పి ఏముంటాది నైనా. మీ చింతగింజల టేబుల్లో దొర ఉండాడు.

రేణిగుంట_రివర్

అయితే తమ్ముడు ఈ శనివారం అక్కడే చేసి చూడాలి. టర్న్‌లో కూడా బెట్ పెట్టి, రివర్‌లో రెట్టింపు. ఏమైందో రాయి.

బాలాజీకాలనీ_బటన్

ఆదివారం పొద్దున రాస్తా ఉండా. అక్క చెప్పినట్టు ఆసు-5 కోసం రాత్రంతా కాచుకున్నా, పదకొండింటికి పడింది, ఆసు కళావరుది. ఫ్లాప్‌లో, టర్న్‌లో బెట్, రివర్‌లో మూడో కళావరు. పాట్‌లో 18 గింజలుంటే 36 తోసినా. రూమ్మేటు, అదే 1,800 పెట్టమన్నోడు, రెండు నిమిషాలు గింజలు ఎంచుకుంటా కూర్చున్నాడు. వదిలేసినాడు! నేను చేయి చూపించలా. పెద్ద బెట్టు పనిచేసిందని ఒప్పుకుంటా ఉండా.

చంద్రగిరి_లెక్కలక్క

అతను వదిలింది ఏ చేయి?

బాలాజీకాలనీ_బటన్

తర్వాత చెప్పినాడు అక్కా. బోర్డులో రాణి ఉంటే వాడిది 8 జత.

చంద్రగిరి_లెక్కలక్క

8 జత 18 గింజలకే పోయేది. మిగతా 18 ఊరికే ప్రమాదంలో పెట్టావు. రాణి జత వదిలించినప్పుడు వచ్చి చెప్పు.

బాలాజీకాలనీ_బటన్

సరే అక్కా. ఈ వారం కుక్కర్ మాత్రం వాడే తోముతా ఉండాడు, అది కూడా లెక్కలో రాసుకోండి.