అప్‌డేట్: కెనడా పీఆర్ ఫైల్ సబ్మిట్ చేశాం

మా ఆయన కెనడా నుంచి నన్ను పీఆర్‌కు (పర్మనెంట్ రెసిడెన్స్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) స్పాన్సర్ చేస్తున్నారు, పర్మనెంట్ రెసిడెన్స్ హక్కు ఫీజు ఇప్పుడే కట్టాలా, చివర్లోనా అని అడిగాను కదా. అన్నీ ఒకేసారి కట్టేశాం. స్పాన్సర్‌షిప్ 85, ప్రాసెసింగ్ 545, హక్కు ఫీజు 575, మొత్తం 1,205 కెనడా డాలర్లు. బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) 85 వేరే. ఇవి 2024 ఏప్రిల్ 30న వచ్చిన రేట్లు, మీరు కట్టేముందు మళ్లీ చూసుకోండి. ఫైల్ రిజెక్టయితే హక్కు ఫీజు వెనక్కిస్తారని చెప్పాక మామయ్య కూడా సరేనన్నారు.

అసలు తలనొప్పి కాగితాలది. మా శుభలేఖ తెలుగులో ఉంది. ఇంగ్లిష్ లెక్చరరైన మా బాబాయి తర్జుమా చేస్తానన్నాడు గానీ, బంధువులు చేసింది కెనడా వాళ్లు ఒప్పుకోరు. కడపలోనే బయటివాళ్లతో చేయించి, అనువాదకుడి అఫిడవిట్ జతచేశాం. టెన్త్ మెమోలో నా ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. దానికో వివరణ లేఖ పెట్టాం.

ఇక్కడి ఏజెంట్ ఒకాయన బ్యాంకులో లక్షలు చూపించాలని భయపెట్టాడు. భార్య ఒక్కదాన్నే స్పాన్సర్ చేస్తే మామూలుగా కనీస ఆదాయం షరతు లేదు. ఆ టెన్షన్ వదిలేయండి.

బయోమెట్రిక్స్ లెటర్ వస్తే హైదరాబాద్ వెళ్లాలి.