పదేళ్ల పిల్లకు కింగ్స్ గాంబిట్ నేర్పించవచ్చా?

గుణుపురం అమ్మ: మా అమ్మాయికి చదరంగం శిక్షకుడు కింగ్స్ గాంబిట్ అనే ఓపెనింగ్ (ఆట ఆరంభించే తీరు) నేర్పుతున్నారు. తెల్లబంటు ఇ4, నల్లబంటు ఇ5, తెల్లబంటు ఎఫ్4. రెండో ఎత్తుకే రాజు పక్క బంటును ఎర వేయడం నాకు భయంగా ఉంది. వచ్చే నెల భువనేశ్వర్‌లో పోటీ.

పర్లాకిమిడి మాస్టారు: నిక్షేపంగా నేర్పించండమ్మా. 1851లో జర్మన్ ఆటగాడు అండర్సన్ రెండు ఏనుగులనూ ఒక శకటునూ (బిషప్) మంత్రినీ ఇచ్చేసి, మిగిలిన శకటు, రెండు గుర్రాలతో కీసెరిట్స్కీకి ఆట కట్టించింది ఈ ఓపెనింగ్‌తోనే.

రాయగడ ఏనుగు: పాత కబుర్లు చాలు. ఈ గాంబిట్ పని అయిపోయిందని 1961లో అమెరికా ఆటగాడు ఫిషర్ వ్యాసమే రాశాడు. నల్లవాడు ఎర బంటును తీసుకుని, తెల్ల గుర్రం ఎఫ్3కి రాగానే బంటును డి6కి జరపాలి. ఇక ఆ గుర్రానికి ఇ5 గడి దొరకదు. దీనికి జవాబు చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు: 1960లో సోవియట్ ఆటగాడు స్పాస్కీ చేతిలో ఇదే గాంబిట్‌కు ఓడిన ఉక్రోషంతో రాసిన వ్యాసమది. ఆ తరువాత 1963లో అమెరికా ఛాంపియన్‌షిప్‌లో ఎవాన్స్ మీద తానే ఆడి గెలిచాడుగా!

రాయగడ ఏనుగు: అక్కడ మూడో ఎత్తు గుర్రం కాదు, శకటు సి4. నేను అడిగింది డి6 సంగతి.

బరంపురం గుర్రం: పదేళ్ల పిల్ల ఎదుట ఫిషర్ కూర్చోడు లెండి.

రాయగడ ఏనుగు: మా వాడి ఎదుటా ఫిషర్ కూర్చోలేదు. కటక్‌లో శకటు సి4 ఆడాడు, నల్లమంత్రి హెచ్4కి వచ్చి చెక్ చెప్పింది, రాజు కదలాల్సి వచ్చి కోట కట్టుకునే (క్యాజ్లింగ్) వీలు పోయింది. తిరుగు రైల్లో అన్నం ముట్టలేదు. "ధైర్యం నేర్పాను" అన్నాడు శిక్షకుడు, ఫీజు మాత్రం ముందే తీసుకున్నాడు. ఇప్పుడు లండన్ పద్ధతి ఆడిస్తున్నాను: డి4, శకటు ఎఫ్4, ఇ3, సి3. ఎదుటివాడు ఏం ఆడినా ఇంచుమించు అదే వరుస.

పర్లాకిమిడి మాస్టారు: అదే జబ్బు! వేసవి శిబిరంలో మీ అబ్బాయిని "సి3 ఎందుకు ఆడావు?" అని అడిగితే "నాన్న చెప్పారు" అన్నాడు. నల్లమంత్రి బి6కి వచ్చి బి2 బంటు మీద పడితే నాన్న వస్తారా?

రాయగడ ఏనుగు: పిల్లవాడిని నలుగురిలోకి లాగకండి. మీకు ఆట ముఖ్యం. నాకు రాత్రి రైలు, లాడ్జి, ఎంట్రీ ఫీజు. ఉత్త చేతులతో వస్తే వచ్చే ఏడాది పంపవద్దని మా నాన్నగారు అనేశారు. ఒక్క సర్టిఫికెట్ వస్తే వాడి ఆట సాగుతుంది.

పర్లాకిమిడి మాస్టారు: ఆ మాట మొదటే అనవలసింది. ఇంతసేపు డి6 అంటూ నన్ను తిప్పారు. అయినా సర్టిఫికెట్ కోసం ఆడేవాడు అది రాని రోజున మానేస్తాడండీ.

రాయగడ ఏనుగు: పంపకపోతే ఈ రోజే మానేస్తాడు.

గుణుపురం అమ్మ: అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. గాంబిట్టే ఆడుతుందట, కానీ శకటు కాదు, ముందు గుర్రమే ఎఫ్3కి తెస్తుందట, మంత్రి హెచ్4కి రాకుండా. మాస్టారూ, ఆదివారం ఇంట్లో ఉంటారా?