ఐదేండ్ల పాపకు డీప్ నెక్ జాకెట్: మీరైతే ఏం చేస్తరు?

అందరికీ నమస్తే. హన్మకొండలో లేడీస్ టైలరింగ్ పని. బతుకమ్మకు నాలుగు నుంచి ఏడేండ్ల ఆడపిల్లలకు అచ్చం అమ్మ జాకెట్ లెక్కనే కావాలని అడుగుతున్నరు: వీపు లోతుగ, మెడ వెనక డోరీ, ముందు ప్యాడ్లు.

ప్యాడ్లు పెట్టేది లేదు, అందులో అనుమానమే లేదు. టక్కులు (ఛాతీ ఆకారం కోసం గుడ్డ మడిచి వేసే కుట్లు) కూడా వద్దు. ఛాతీ చదునుగ ఉంటది కాబట్టి టక్కు కొనకాడ గుడ్డ ఉబ్బి ముడత పడుతది, ఆ ఒంటికి లేని ఆకారం చూపెడుతది.

మిగతాదానికే సలహా కావాలె. వీపు 5 అంగుళాలు దించితే చిన్న భుజం మీద పట్టీ నిలువదు. వంగి చప్పట్లు కొడుతూ తిరిగే పిల్ల ఆట ఇడిసి భుజమే సర్దుకుంటది. జారకుండ డోరీ కడితే అది మెడకాడ ఎక్కడన్న చిక్కుకుంటే ప్రమాదం. లంగా సంగతీ అంతే: నడుముకు, తుంటికి తేడా తక్కువ కాబట్టి నాడా బిగించినా జారుతది, చార పడుతది.

అందుకే వీపు 2 అంగుళాలు, డోరీ బదులు టిచ్ బటన్లు, లోపల తొడిగే కాటన్ బాడీకి కలిపి కుట్టిన లంగా, మడిమల పైకి అంచు, లోపల 3 అంగుళాల మడత అని చెప్తున్నం. "పెద్దోళ్ల లెక్క లేదు" అని వాపస్ పోతున్నరు.

లోతు వీపు మీద ఒంటిరంగు నెట్ వేసినోళ్లున్నరా? చెమటకు గీరుకపోని మెత్తటి రకం వరంగల్‌ల ఏ పేరుతో అడగాలె? తల్లులు నొచ్చుకోకుండ ఈ మాట ఎట్ల చెప్తున్నరు?