రైతు పేరు వెతికే క్వెరీలో ముందు % పెట్టొద్దా?

కాజీపేట_డెవ్:
ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి రైతుల ఖాతాల సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. పేరు వెతకడానికి లైక్ (నమూనాతో పోల్చే ఆదేశం) '%మల్లయ్య%' అని రాశాను. % ఉన్నచోట ఏ అక్షరాలైనా ఉండొచ్చని అర్థం. ముందు % ఉంటే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) పనిచేయదని, 'మల్లయ్య%' అనే రాయాలని మా టీమ్ లీడ్ పట్టుబడుతున్నారు. మిర్చి సీజన్‌లో కౌంటర్ దగ్గర రైతులు ఎదురుచూస్తుంటారు, అదే నా టెన్షన్. మీరేమంటారు?

ఓరుగల్లు_డీబీఏ:
మీ లీడ్ చెప్పింది నిజం తమ్ముడూ. మామూలు బీ-ట్రీ ఇండెక్స్‌లో పేర్లు మొదటి అక్షరం నుంచి వరుసగా ఉంటాయి. మొదలే తెలియకపోతే టేబుల్ మొత్తం చదవాల్సిందే. ఇంకో మాట: % చివర మాత్రమే ఉన్నా, లొకేల్ (అక్షరాల వరుసను నిర్ణయించే భాషా సెట్టింగ్) 'సి' కాకపోతే ఇండెక్స్‌ను టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్ (text_pattern_ops) అనే ఆప్షన్‌తో కట్టాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

జనగామ_క్వెరీ:
అన్నా, మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది కదా! ఖాతాలో ఇంటిపేరుతో మొదలై తర్వాత మల్లయ్య అని ఉంటుంది. రైతు వచ్చి 'మల్లయ్య' అనే చెప్తాడు. 'మల్లయ్య%' రాస్తే ఆయన ఎప్పటికీ దొరకడు. ఎంత వేగంగా వెతికితే ఏం లాభం?

ఓరుగల్లు_డీబీఏ:
అందుకే ఇంటిపేరుకు వేరే కాలమ్ పెట్టాలి. డిజైన్ లోపాన్ని % తో కప్పిపుచ్చొద్దు.

జనగామ_క్వెరీ:
కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది సరే. పాత పద్దుల నుంచి ఒకే కాలమ్‌లోకి ఎక్కించిన పేర్లను ఎవరు విడదీస్తారు? 'పెద్ద మల్లయ్య', 'చిన్న మల్లయ్య' అని కూడా ఉంటాయి. ఖాళీ దగ్గర కోస్తే 'పెద్ద' ఇంటిపేరు అయిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి, అంటే 2011 నుంచే, ట్రైగ్రామ్ ఇండెక్స్ లైక్‌కు పనికొస్తోంది. పేరును మూడేసి గుర్తుల ముక్కలుగా దాచుకుంటుంది కాబట్టి % ముందున్నా ఇబ్బంది లేదు. ఒకటి రెండు గుర్తులే టైప్ చేస్తే మాత్రం ఉపయోగం ఉండదు. మీ సర్వర్‌లో తెలుగు పేర్లతోనే ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఇండెక్స్‌ను వాడుతుందో లేదో చూపే ఆదేశం) వేసి చూడండి.

ఓరుగల్లు_డీబీఏ:
ఆ ఇండెక్స్ పెద్దది. కొత్త పేరు చేర్చినప్పుడల్లా భారం.

జనగామ_క్వెరీ:
కొత్త రైతు ఎప్పుడో ఒకసారి వస్తాడు, వెతకడం పొద్దంతా ఉంటుంది. ఆ భారం మోయొచ్చు.

నర్సంపేట_డేటా:
ఊరి పేర్లకు అండర్‌స్కోర్ (_) కూడా వాడండి, అది ఉన్నచోట ఏదో ఒక్క గుర్తు ఉండొచ్చని అర్థం. 2021లో జిల్లా పేరు హనుమకొండ అయింది, పాత ఖాతాల్లో హన్మకొండ అనే ఉంటుంది. 'హన_మకొండ' అంటే రెండూ వస్తాయి. ఒకదాంట్లో 'న' తర్వాత పొల్లు, ఇంకోదాంట్లో కొమ్ము, రెండూ ఒక్కో కోడే. మన కంటికి ఒకటి నాలుగు అక్షరాలు, ఇంకోటి ఐదు. డేటాబేస్‌కు రెండూ ఎనిమిదే. కాజీపేట, ఖాజీపేటలకు '_ాజీపేట'. మధ్యలో కంటికి కనిపించని జాయినర్ గుర్తు ఏదైనా చేరితే మాత్రం కుదరదు, ముందే శుభ్రం చేసుకోవాలి.

పరకాల_టెస్టర్:
ఎవరైనా సెర్చ్‌లో ఒట్టి % కొడితే ఏమవుతుందో చూశారా? పారామీటర్‌గా (క్వెరీలో అతికించకుండా విడిగా) పంపినా అది వైల్డ్‌కార్డే, అంటే దేనికైనా సరిపోయే గుర్తే. రైతులందరి పేర్లు, బాకీలు స్క్రీన్ మీదికి వచ్చేస్తాయి. ఒకరి బాకీ ఇంకొకరి కంట పడకూడదు. టైప్ చేసిన %, _ గుర్తులను ఎస్కేప్ చేయండి (మామూలు అక్షరాలుగానే చూసేలా), వచ్చే వరుసలకు లిమిట్ పెట్టండి. నాకైతే వేగం కంటే ఇదే ముఖ్యం.

కాజీపేట_డెవ్:
ఎస్కేప్, లిమిట్ ఈరోజే పెడతాను. కాలమ్ విడదీయడం ఈ సీజన్‌లో కుదరదు. ట్రైగ్రామ్ ఇండెక్స్ కట్టి, ఎక్స్‌ప్లెయిన్‌లో వచ్చింది మా లీడ్‌కు చూపిస్తాను.

ఓరుగల్లు_డీబీఏ:
చూపించు. సీజన్ అయ్యాక మాత్రం ఆ కాలమ్ విడదీయి తమ్ముడూ, నా మాట అదే.