ఎడబాయనా, ఎడబాపనా?

తేటనీరు:
అందరికీ నమస్కారం. సంఘకాపరిగా కొత్తగా బాధ్యత తీసుకోబోతున్న ఒకాయనకి నాలుగు మాటలు రాసివ్వాలి. "నీకును తోడై యుందును, నిన్ను విడువను, నిన్ను ఎడబా..." దాకా చెయ్యి ఆగకుండా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. ఎడబాయనా, ఎడబాపనా? రెండూ విన్నట్టే ఉంది నాకు. బైబిలు తెరిస్తే ఏది అచ్చయిందో తెలుస్తుంది గానీ, ఆ రెండో రూపం నా నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో పుస్తకం చెప్పదు కదా. ఇంకో సంగతి కూడా. విడువను అన్నాక మళ్ళీ ఎడబాయను ఎందుకు? ఒకే మాట రెండుసార్లు చెప్పడమేనా?

పాతప్రతి:
యెహోషువ 1:5-6. ఎడబాయను. మోషే పోయాక జనాన్ని నడిపించాల్సిన మనిషికి నేరుగా చెప్పిన మాట అది. దానికి ముందే ద్వితీయోపదేశకాండము 31లో మోషే అందరి ఎదుటా "నిన్ను విడువడు నిన్ను ఎడబాయడు" అన్నాడు. మీ ఎడబాపను అన్న రూపం రోమా 8:35 నుంచి వచ్చి ఉంటుంది, "క్రీస్తు ప్రేమనుండి మనలను ఎడబాపు వాడెవడు?" అని. 39లో మళ్ళీ "ఎడబాపనేరవని". ధైర్యం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ రెండు వాక్యాలూ జంటగా చదువుతారు, అందుకే చెవిలో కలిసిపోయాయి.

గోరువంక:
అంత తొందరగా కొట్టిపారేయకండి. ప్రార్థనల్లో "ఎడబాపను అన్నావు కదా ప్రభువా" అని పెద్దవాళ్ళు అనడం నేను చాలాసార్లు విన్నాను. జనం నోట నిలిచిన రూపానికి ఏదో ఒక ఆధారం ఉంటుంది. నిన్ను నానుండి దూరం చెయ్యను అనే అర్థం తీసుకుంటే తప్పేముంది? పైగా నాకు అదే బలంగా వినిపిస్తుంది.

అరసున్న:
అర్థం బాగుండటం వేరు, వాక్యం నిలబడటం వేరు. పాయు అంటే తాను విడిపోవడం, పాపు అంటే ఇంకొకరిని విడదీయడం. బాధలు బాపు అనేదీ ఆ పాపే. అందుకే ఎడబాపు అనగానే దేనినుండి అన్న ప్రశ్న వస్తుంది. రోమా పత్రికలో "ప్రేమనుండి" అని ముందే ఉంది కాబట్టి అక్కడ సరిగ్గా కుదిరింది. యెహోషువ దగ్గర "నుండి" లేదు. అక్కడ ఎడబాపను పెడితే వాక్యం గాల్లో వేలాడుతుంది.

ఇక బకారం గురించి ఎవరూ అడగలేదు గానీ నాకు అసలు ముచ్చట అదే. ఎడ, పాయు కలిస్తే పకారం వకారం కాకుండా బకారం ఎందుకయింది? ఎడన్ అని ద్రుతం, అంటే చివర నకారం, ఉందనుకుంటే సరళాదేశం వచ్చి, అంటే ప కాస్తా బ అయి, ఎడఁబాయు అవుతుంది. ఇప్పుడు అరసున్న రాయడం మానేశాం కాబట్టి ఆ జాడ పోయింది. ఎడబాటు, ఎడబాసి అన్నిటికీ ఇదే లెక్క అని నా నమ్మకం.

వాక్యధ్యాని:
వ్యాకరణం బాగుంది మాస్టారూ, కానీ తేటనీరు గారి రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. రెండూ ఒకటి కావు. హీబ్రూలో మొదటిది రాఫా ధాతువు, పట్టు సడలడం, చెయ్యి జారవిడవడం. రెండోది ఆజబ్, వదిలేసి వెళ్ళిపోవడం. పట్టుకున్న చెయ్యి సడలించను, పక్కనుంచి కదలను. రెండు వేరువేరు భయాలకి రెండు వేరువేరు జవాబులు. నాయకత్వంలో ఉన్నవాళ్ళకి రెండు భయాలూ ఉంటాయి. ఈ పని నావల్ల కాదేమో అని ఒకటి, చివరికి ఒంటరిగా మిగులుతానేమో అని ఇంకొకటి. మన తెలుగులో విడుచు అన్నది చేతికి సంబంధించిన మాట, పాయు అన్నది మనిషికి సంబంధించిన మాట. అనువదించినవాళ్ళు ఆ తేడా పట్టుకున్నారు, అది నాకు చాలా ఇష్టం.

ఇంకా ఉంది, యెహోషువ 10:6 చూడండి. అయిదుగురు రాజులు దండెత్తి వచ్చినప్పుడు గిబియోనువాళ్ళు యెహోషువకి కబురు పంపుతారు, దాసులను "చెయ్యి విడువక" త్వరగా రమ్మని. హీబ్రూలో అక్కడా రాఫాయే! దేవుడు తనకి ఏ మాట ఇచ్చాడో, తనమీద ఆధారపడ్డవాళ్ళు అదే మాట తననుంచి అడుగుతున్నారు. యెహోషువ రాత్రంతా నడిచి వెళ్ళాడు. కాపరికి రాసివ్వడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చాటువు:
చెయ్యి విడువక, పక్కనుంచి కదలక అంటుంటే నాకు పోతన గుర్తొచ్చి ఆగలేకపోతున్నాను. మొసలితో పోరాడుతున్న గజేంద్రుణ్ణి "ఒక్కరుని డించి పోవఁ గాళ్ళు రాక" చూస్తూ నిలబడ్డ ఆడ ఏనుగుల గుంపు. ఆహా! పోవడానికి మనసు రాక అనలేదు, కాళ్ళు రాక అన్నాడు. అతడు మాతంగవిభుడు, గుంపుకి నాయకుడు. అందరూ ఎదురుగానే ఉన్నారు, ఒక్కరూ ఏమీ చెయ్యలేరు. ఆ తర్వాతే కదా "లావొక్కింతయు లేదు" వచ్చేది. ఒడ్డున ఎంతమంది ఉన్నా నీళ్ళలో ఒక్కడే. ఆ ఒక్కరుని అన్న మాట మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు.

పాతప్రతి:
డించు దించుకి ఇంకో రూపమే, దింపిపెట్టి పోవడం అన్న ఛాయ కూడా ఉంది అందులో. ఇక ఒక్కరుని అన్నారు కాబట్టి, 2 తిమోతి 4:16 చూడండి. పౌలు దగ్గర ఆ గుంపు కూడా నిలబడలేదు. "అందరు నన్ను విడిచిపోయిరి" అంటాడు. వెంటనే 17లో "ప్రభువు నా ప్రక్క నిలిచి నన్ను బలపరచెను". చెరలో ఉండి, చిన్నవాడైన తిమోతికి సంఘం బాధ్యతలు అప్పగిస్తూ రాసిన ఉత్తరంలో ఉంది ఈ మాట. వాగ్దానం నెరవేరిందని సాక్ష్యం చెప్పినవాడు ఆ సమయానికి విడుదలై బయట లేడు. నేనైతే కొత్త కాపరికి యెహోషువకన్నా ముందు ఇదే రాసిస్తాను.

అరసున్న:
పోతన ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. ఆ "లావొక్కింతయు" పద్యంలోనే "ధైర్యము విలోలంబయ్యె" అన్నాడు. విలోలం అంటే ఊగిపోవడం. అంటే ధైర్యం ఉంది, కానీ కుదురు తప్పింది. ఆ కుదురుకి పేరే నిబ్బరం అంటాను నేను. అందుకే యెహోషువ దగ్గర "నిబ్బరముగలిగి ధైర్యముగా" అని రెండూ పెట్టారు.

పాతప్రతి:
నిబ్బరం నిర్భరం నుంచి వచ్చిన మాట. దాని పాత అర్థం నిండుదనం, అతిశయం. కుదురు తర్వాత చేరింది.

అరసున్న:
నిండు కుండ తొణకదు కదండీ. నిండుదనం నుంచి కుదురుకి ఎంత దూరం?

తేటనీరు:
చాలా సంతోషం అందరికీ. కానీ ఇప్పుడు ఇంకో టెన్షన్ పట్టుకుంది. ఇది నాయకుడికి చెప్పిన మాట అంటున్నారు. మరి హెబ్రీ 13:5లో ఇదే వాక్యం సంఘమంతటికీ చెప్పారు. కాపరికి విడిగా రాసిస్తే, ఇది ఆయన ఒక్కడిదే అన్నట్టు అవుతుందా?

వాక్యధ్యాని:
అవదండీ. అక్కడ "ఏమాత్రమును విడువను", "ఎన్నడును ఎడబాయను" అని బలం పెంచారు చూశారా, గ్రీకులో ఆ ఒక్క మాటలో కాదు కాదు అంటూ అయిదు నిషేధాలు ఉన్నాయి. పైగా అది ధనాపేక్ష వద్దని చెప్పే చోట వస్తుంది. వెంటనే 7లో వాక్యం బోధించిన నాయకుల్ని జ్ఞాపకం చేసుకోమంటాడు, 17లో వాళ్ళు లెక్క ఒప్పచెప్పవలసినవాళ్ళు అంటాడు. యెహోషువకి ఇచ్చిన మాటని సంఘానికి ఇచ్చి, ఆ తర్వాత నాయకుల మాట ఎత్తాడు. కాపరి కూడా మందలో ఒకడిగానే దాన్ని అందుకుంటాడు. 1 పేతురు 5:4లో ప్రధాన కాపరి వేరే ఉన్నాడు కదా. తన బలం మీద మందని మొయ్యాల్సిన పని లేదు ఆయనకి. అదే రాయండి.

గోరువంక:
అంతా బాగుంది. కానీ "నీనుండి మమ్మల్ని ఎడబాపకు" అని ప్రార్థించేవాళ్ళ మాట ఏం చేస్తారు?

అరసున్న:
అందులో "నీనుండి" ఉంది. అది ఒప్పే.

గోరువంక:
అయితే "నానుండి" అనేది దేవుడి మాటలో దాగి ఉందనుకుంటే? తెలుగులో సగం మాటలు దాగే ఉంటాయి.

అరసున్న:
దాగడానికి ముందు ఎక్కడో ఒకచోట కనిపించాలి. యెహోషువ 1లో ఎక్కడ కనిపించిందో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.