‘పునర్విభజన’ నెత్తిన ఎన్ని పనులు?

ప్రశ్న: డీలిమిటేషన్‌కి (జనాభా లెక్కల్ని బట్టి సీట్లూ, నియోజకవర్గాల హద్దులూ మళ్లీ తేల్చడానికి) పునర్విభజన అనే మాట సరిపోతుందా? ఒకరోజు వార్తల్లో ‘పునర్విభజన చట్టం’ అంటే రాష్ట్రం విడిపోయిన సంగతి, మర్నాడు అదే మాట ఎంపీ సీట్ల గురించి. ఏది దేని గురించో తేలట్లేదు.

జవాబు: మాటలో తప్పేం లేదండీ, ఒక్క మాట మీద మూడు పనులు పెట్టాం, అదీ చిక్కు. ఆంధ్రప్రదేశ్‌ని రెండు రాష్ట్రాలు చేసిన 2014 చట్టాన్ని పునర్విభజన చట్టం అంటున్నాం (పునర్వ్యవస్థీకరణ అని పూర్తిగా పలికే ఓపిక ఎవరికుంది!). అందులోనే 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచాలంటుంది. అంటే పునర్విభజన చట్టంలో మళ్లీ ఓ పునర్విభజన. రాష్ట్రం విడిపోయిన సంగతైతే సందర్భాన్ని బట్టి తెలిసిపోతుందనుకోండి.

అసలు తిరకాసు మిగతా రెండు పనుల మధ్య ఉంది. రాజ్యాంగం 82వ అధికరణం వాటిని ఒకే వాక్యంలో చెబుతుంది: జనగణన అయ్యాక ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ సీట్లో మళ్లీ లెక్కచూడాలి, ఒక్కో రాష్ట్రం లోపల నియోజకవర్గాలనూ మళ్లీ సర్దాలి. 1976లో 42వ సవరణ ఈ రెంటినీ 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేసింది. తర్వాత 84వ సవరణ మొదటిదాన్ని 2026 తర్వాత వచ్చే తొలి జనగణన దాకా అలాగే ఉంచి, రెండోదానికి మాత్రం దారి వదిలింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ నడిపిన డీలిమిటేషన్ కమిషన్ 2001 లెక్కలతో గీసిన హద్దులు 2008లో అమల్లోకొచ్చింది అందుకే. అప్పట్లో మన ఉమ్మడి రాష్ట్రానికి ఎంపీ సీట్లు 42, కొత్త హద్దులొచ్చాకా 42. కానీ సిద్దిపేట, మిర్యాలగూడ, బొబ్బిలి, తెనాలి లోక్‌సభ స్థానాలు మాయమై మల్కాజిగిరి, చేవెళ్ల, జహీరాబాద్, అరకు వచ్చాయి. ‘1970ల తర్వాత పునర్విభజనే లేదు’ అనేవాళ్లూ, ‘2008లో అయింది కదా’ అని ఎగబడేవాళ్లూ చెప్పేది నిజమే, మాట్లాడే పనులే వేరు. మొదటిదాన్ని ‘సీట్ల పంపకం’, రెండోదాన్ని ‘హద్దుల సవరణ’ అంటే సగం గొడవ వదిలిపోతుంది.

ఇంకొకరు: పంపకం అంటే అన్నదమ్ముల ఆస్తి తగాదాలా వినిపిస్తోంది, కాస్త మర్యాదగా ‘కేటాయింపు’ అనొచ్చుగా.

జవాబు: తగాదా అదే కదండీ! జనాభాని అదుపులో పెట్టుకున్నందుకు వాటా తగ్గుతుందా అని దక్షిణాది రాష్ట్రాలు అడిగేది దీని గురించే. కేటాయింపు అంటే పైనుంచి ఎవరో దయతో ఇచ్చినట్టుంటుంది, పంపకంలో అడిగే హక్కుంది.

మరొకరు: పంపకం సరే గానీ ‘సవరణ’ ఒప్పుకోను. ఇప్పటికే 42వ సవరణ, 84వ సవరణ అని రాజ్యాంగానికి వాడేస్తున్నాం, మళ్లీ హద్దులకూ సవరణ అంటే మీరు విప్పిన ముడి మీరే వేసినట్టు. పైగా కమిషన్ చేసేది చిన్నచిన్న దిద్దుబాట్లు కాదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు అందులో అసోసియేట్ సభ్యులుగా కూర్చుంటారు కానీ వాళ్లకి ఓటు లేదు. ఉత్తర్వును పార్లమెంటు ముందు, అసెంబ్లీ ముందు పెడతారు, ఒక్క గీత మార్చే వీలు ఆ సభలకీ లేదు. ‘హద్దుల నిర్ణయం’ అనండి.

జవాబు: ఇది బాగుంది. ‘నిర్ణయం’కే నా ఓటు.