‘తప్పక దక్కించుకొందువు’: ఇందులో ‘తిరిగి’ ఉందా?

గాజువాక:
బైబిల్లో 1 సమూయేలు 30:8 గురించి అడుగుతున్నాను, దావీదుకు యెహోవా చెప్పిన మాట. “తరుముము, నిశ్చయముగా నీవు వారిని కలిసికొని తప్పక నీవారినందరిని దక్కించుకొందువు.” యువజన కూటం ఫ్లెక్సీకి దీన్ని కుదించి “తరుము, పోయినదంతా దక్కించుకో” అని వేద్దామంటున్నారు. దక్కించుకోవడం అంటే తిరిగి తెచ్చుకోవడమేనా? పేపర్లో “టెండరు దక్కించుకుంది”, “స్వర్ణం దక్కించుకుంది” అని రాస్తారు. అవేవీ ముందు పోగొట్టుకున్నవి కావు కదా.

సీతమ్మధార:
ఆ మాటలో ‘తిరిగి’ లేదండి. దక్కు అంటే చేజారిపోకుండా మనకు మిగలడం. 2014 హుద్‌హుద్‌నే తీసుకోండి, “రేకులన్నీ ఎగిరిపోయాయి గానీ ప్రాణాలు దక్కాయి” అంటాం. ప్రాణం పోయి మళ్లీ రాలేదు, పోవలసింది పోలేదంతే. “పుట్టిన పిల్లలు దక్కలేదు” అన్న పాత మాటలోనూ ఇదే అర్థం. దక్కు, దక్కించు, దక్కించుకొను: మొదటిది దానంతటది జరిగేది, రెండోది జరిపించేది, మూడోది తన కోసం జరిపించుకునేది. టెండరు విషయంలోనూ అసలు భావం ఇంకొకరికి పోనివ్వకపోవడమే. ఆ పోటీ వాసన పేపర్ల వాడుకలో మాసిపోయి ఉత్త ‘పొందడం’గా మిగిలింది.

సిక్లగులో, అంటే అమాలేకీయులు కొల్లగొట్టి ఆడవాళ్లనూ పిల్లలనూ చెరపట్టుకుపోయిన దావీదు ఊళ్లో, పోయింది ముందు మనుషులు. అందుకే అక్కడ ఈ క్రియ అంత బాగా అతికింది. ‘రాబట్టుకొను’ అంటే బాకీ వసూలులా ఉంటుంది. ‘చేజిక్కించుకొను’ అంటే ఎవరిదో లాక్కున్నట్టు. ‘తిరిగి పొందు’ తప్పు కాదు గానీ దరఖాస్తు భాష.

భీమిలి:
హీబ్రూ వైపు నుంచి ఒక మాట. అక్కడ క్రియలు జంటగా ఉంటాయి: “హస్సేగ్ తస్సీగ్, వెహత్సేల్ తత్సీల్”. ఒకే ధాతువును రెండు రూపాల్లో పక్కపక్కన పెట్టి నొక్కి చెప్పే పద్ధతి అది. రెండో ధాతువుకు లాగి విడిపించడం, కాపాడడం అని అర్థం. మక్కికి మక్కి తెలుగు చేస్తే “కలుసుకోవడం కలుసుకుంటావు, విడిపించడం విడిపిస్తావు” అవుతుంది. మన చెవికి వెంటనే ‘కానీ’ వినపడుతుంది. “రావడం వస్తాడు గానీ పని చెయ్యడు” అనమూ, అలా. అక్కడ నిశ్చయం చెప్పే జంట ఇక్కడ అనుమానం పుట్టిస్తుంది. అనువాదకులు దాన్ని వదిలేసి ఒకచోట ‘నిశ్చయముగా’, ఇంకోచోట ‘తప్పక’ పెట్టారు. చాలా తెలివైన పని, నా లెక్కలో.

ఇంకొకటి. హీబ్రూలో ఆ మాటకు కర్మ లేదు, ఎవరిని అన్నది చెప్పలేదు. ‘నీవారినందరిని’ తెలుగులో చేర్చింది. కాబట్టి ‘పోయినదంతా’ అని రాసి కింద 30:8 వేయకూడదు. సొమ్ముతో సహా అన్నీ వచ్చాయన్న సంగతి 18, 19 వచనాల్లో ఉంది.

సీతమ్మధార:
ఫ్లెక్సీలో అసలు తప్పు అది కూడా కాదు. ‘దక్కించుకొందువు’ ఆజ్ఞ కాదు, జరగబోయేది చెప్పే మాట. ఆజ్ఞ అయితే ‘దక్కించుకొనుము’ అయ్యేది. వచనంలో ఆజ్ఞ ఒక్కటే, ‘తరుముము’. మిగతా రెండూ మాట ఇవ్వడం. ‘దక్కించుకో’ అనగానే ఇచ్చిన మాట కాస్తా నెత్తిన పెట్టిన పని అయిపోయింది. ‘తరుము’ కూడా చూసుకోవాలి. ఇప్పుడు “తరిమేశారు” అంటే వెళ్లగొట్టారని. ఇక్కడ వెంటపడి పట్టుకోవడం.

పెందుర్తి:
ఇదే పని మీద వెళ్లినవాడు సుందరకాండలో అనుకునే మాట గుర్తొచ్చింది: “అనిర్వేదః శ్రియో మూలమ్”. లంకంతా వెతికినా సీత కనపడక హనుమంతుడు దిగాలుపడి, మళ్లీ తనకు తానే చెప్పుకుంటాడు, 12వ సర్గలో. నిర్వేదం అంటే తెలుగులో ఉత్త దిగులు అనుకుంటాం. విసిగి వదిలేసే స్థితి అది. దానికి ‘అ’ చేర్చితే వదలకపోవడం. దావీదు దగ్గర ఈ వదలకపోవడానికి ఏ మాట వాడారు?

భీమిలి:
రెండు వచనాల ముందే ఉందండి, 30:6. “దావీదు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యము తెచ్చుకొనెను.” హీబ్రూ క్రియ తనను తాను బలపరచుకోవడం. మన ‘కొను’ దానికి సరిగ్గా సరిపోయింది. ధైర్యం వచ్చింది అంటే దానంతటదే వచ్చినట్టు, ధైర్యం చెప్పారు అంటే పక్కవాళ్లు ఇచ్చినట్టు. ఇక్కడ పక్కవాళ్లు “జనులకందరికి ప్రాణము విసికినందున” రాళ్లతో కొడదామంటున్నారు. చెప్పేవాడు లేడు కాబట్టి తెచ్చుకోవాల్సిందే.

‘బట్టి’ని కూడా గమనించండి. అదే వచనంలో జనం ప్రాణం విసిగింది “కుమారులను బట్టియు కుమార్తెలను బట్టియు”. హీబ్రూలో ఈ రెండు చోట్లా వేర్వేరు మాటలు. తెలుగులో దుఃఖానికి కారణం చెప్పిన ‘బట్టి’యే ధైర్యానికి ఆధారమైంది. ఈ రోజుల్లో “వానను బట్టి చూద్దాం” అంటే షరతులా వినిపిస్తుంది. చదివేటప్పుడు ‘యెహోవాను బట్టి’ దగ్గర కాస్త ఆగి, ‘ధైర్యము తెచ్చుకొనెను’ ఒక్క ఊపిరిలో చదివితే ఆ గందరగోళం ఉండదు.

పెందుర్తి:
పక్కదారి మాట. సువార్తలను తెలుగు చేసే పని తొలిరోజుల్లో మన విశాఖలోనూ జరిగింది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1805లో వచ్చారు. ఆనందరాయర్ సాయంతో డెస్ గ్రాంజెస్ చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఈ వచనం వాళ్లది కాదనుకోండి.

గాజువాక:
అయితే ‘పోయినదంతా’ తీసేస్తాను. “తరుముము... తప్పక నీవారినందరిని దక్కించుకొందువు” అని వేసి, కింద 30:8. ‘కొందువు’ పిల్లలకు అర్థమవుతుందా, ‘కుంటావు’ అని మార్చమంటారా?

సీతమ్మధార:
మార్చకండి, వచనం నంబరు వేస్తున్నారు కదా. మధ్యలో వదిలిన మాటలకు ఆ మూడు చుక్కలు మాత్రం అచ్చులో పోకుండా చూసుకోండి. డీటీపీలో ముందు ఎగిరిపోయేవి అవే.